ఖాళీ లారీ కాటా ఎక్కేదాకా

ఏమండీ,

మీరు పోయిన ఏడాదికి మీ కంప్యూటర్ ప్రోగ్రాం కూడా పోయింది. మిర్యాలగూడ మిల్లులో వడ్ల లారీలు తూచే కాటాకు మీరు రాసి, ముప్పై ఏళ్లు అతుకులు వేసుకుంటూ వచ్చిన దాన్ని తీసేసి, మీ మనవరాలు స్రవంతి ఈ రోజు తను రాసింది పెట్టింది. అదీ కోతల కాలంలో, గేటు బయట లారీలు బారులు తీరి ఉండగా! మీరుంటే సీజన్‌లో మౌసు కూడా మార్చనిచ్చేవారు కాదు.

"అంతా టెస్ట్ చేసిన నానమ్మా, పరేషాన్ గాకు," అంది.

"మీ తాత గూడ గిట్లనే అనేటోడు. మళ్ల తప్పులు దిద్దుకుంట ఈడనే ఉండేటోడు, అన్నం మిల్లుకే పంపేదాన్ని," అన్నాను.

మొదటి లారీ నిండు బరువు సరిగ్గానే పడింది. మిల్లు సేటు అందరికీ చాయ్ పంపాడు. నేను తాగేసి, "ఇగ ఇంటికి పోదాం పా," అని లేచాను. స్రవంతి లేవలేదు.

"సగమే అయింది నానమ్మా. వడ్లు దించి ఖాళీ లారీ మళ్ల కాటా ఎక్కాలె, గప్పుడే వడ్ల తూకం ఎంతో తేలేది. గప్పటిదాక కుర్చీ ఇడవొద్దని తాత చెప్పలే?"

మీ ఇన్నేళ్ల అనుభవంలో దానికి ఎక్కింది ఇదొక్కటేనేమో. మళ్లీ కూర్చుని మీకిది రాస్తున్నాను. హమాలీలు ఇంకా దించుతూనే ఉన్నారు. దాని చాయ్ మీద మీగడ కట్టింది. ముట్టలేదు, అచ్చం మీలాగే.