ర్యాంకూ మార్కూ

కూకట్‌పల్లి,
14 మార్చి 1999.

ఎవాంజెలిన్ గారి సమక్షానికి,

వాసంతి నమస్కారాలు. ఎనిమిదేళ్ల స్నేహంలో నిన్ను గారూ అనడం ఇదే మొదలు. కోపం వస్తే నాకు మర్యాద పెరుగుతుందని నీకు తెలుసుగా! ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

నిన్న మా హెడ్‌మాస్టరు భీమేశ్వరరావుగారు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. మీ కంపెనీ స్కూళ్ల కోసం చేసిన నక్షత్రాల సీడీలో పాఠం తలకిందులైందట. రాసిందీ సరిచూసిందీ వాసంతి టీచరేనని మీటింగులో నువ్వే చెప్పావట. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే వచ్చే ఏడాది నాకు ఉద్యోగం లేదు. ఆయా కొమురమ్మ నా మొహం చూసి, ఏందమ్మా, గింత పరేషాన్ అయితున్నవ్ అని అడిగేసరికి ఏడుపు ఆగలేదు.

ఏమే, నీకు ఎన్నిసార్లు చెప్పాను! మాదాపూర్‌లో మీ ఆఫీసు ఎదుట టీ బండి దగ్గర నిలబెట్టి మరీ చెప్పాను. చుక్కల వెలుగుకిచ్చే అంకె ఎంసెట్ ర్యాంకులాంటిది, మార్కులాంటిది కాదన్నాను. ఒకటో తరగతి చుక్క బాగా మెరుస్తుంది, ఆరో తరగతిది కంటికి ఆనీ ఆననట్టుంటుంది. రాత్రి ఆకాశంలో అన్ని చుక్కల్నీ మించి మెరిసే సిరియస్ అంకె సున్నా దాటి మైనస్‌లోకి దిగుతుంది. అర్థమైందని తలూపావు. తీరా మీ ప్రోగ్రామర్ తేజ వాటిని మార్కులనుకున్నాడు. మైనస్ వచ్చిందని పాపం సిరియస్‌ను ఫెయిల్ చేసి అట్టడుగున పడేశాడు!

తప్పు తేజది, మాట పడింది నేను. పైగా సీడీ అట్ట మీద రచన అని నీ పేరొక్కటే ఉంది. మూడు నెలల ఆదివారాలు కూర్చుని రాసిన నా పేరు ఎక్కడా లేదు. మెప్పు నీకూ, తిట్లు నాకూనా? నమ్మించి ముంచావు, ఎవా. పరాయివాళ్లు చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకు.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
వాసంతి

తా.క. ఉత్తరం మడిచాక సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. జనవరిలో సరిచూడమని నువ్వు సీడీ పంపినప్పుడే నా పేరు లేకపోవడం చూశాను. తరవాత తేజ చేసిన తప్పూ చూశాను. ఒళ్లు మండి, అంతా సరిగ్గానే ఉందని రాసి సంతకం పెట్టి పంపించాను.