టైఫాయిడ్ అని చెప్పను నాయనా

మద్రాసు,
సోమవారం పొద్దున

ప్రియమైన నాయనకు,

నీ కూతురు కరుణ ప్రేమతో వందనాలు చెప్పి రాసేది. దేవుని దయ వల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, అవ్వ ఎలా ఉన్నారు? అవ్వ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? సీతారామపురంలో వానలు పడ్డాయా, చెరువులోకి నీళ్లొచ్చాయా? తమ్ముణ్ణి అడిగితే “ఏదో వచ్చినాయిలే” అన్నాడు. వాడెప్పుడూ ఇంతే.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను. హాస్టల్ కూరల్లో కారం లేక నాలుక చచ్చిపోయింది, అంతే. ఇక్కడి ఉక్కకు ఉతికిన చీర ఆరేలోపు కట్టుకున్న చీర తడిసిపోతోంది. కుట్టు సెంటరులో స్కూలు యూనిఫారాల పని జోరుగా ఉంది. ఇప్పుడు కాలర్లు కూడా నాకే ఇస్తున్నారు. బాగున్నాను నాయనా, నిజంగా బాగున్నాను.

శనివారం ప్రసాదు వచ్చాడు. మీరు పంపిన సజ్జపిండి, చింతకాయ పచ్చడి ఇచ్చాడు. తర్వాత నా ముఖం చూడకుండా నీ మాట చెప్పాడు.

“అక్కా, చర్చి వార్షికోత్సవానికి నిన్ను రమ్మన్నాడు నాయన. కాకపోతే ఎవురన్నా అడిగితే టైఫాయిడ్ వచ్చిందని చెప్పమన్నాడు. మేం అందరికీ అట్నే చెప్పుండాం.”

“ఇన్నేండ్లు ఉంటాదారా టైఫాయిడ్?”

“మాటిమాటికీ తిరగబెట్టిందని చెప్పినాం.”

నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలా కోపం వచ్చింది. అది తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. అందుకే కోపంతోనే రాస్తున్నాను.

నాకు వచ్చింది టైఫాయిడ్ కాదు. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ, గోడలో నుంచి ఎవరో నన్ను తిడుతున్నారని సుద్దముక్క పారేసి బయటికి పరుగెత్తింది నేనే. అన్నంలో విషం ఉందని అమ్మ చేతిని విదిలించి కొట్టింది నేనే. నన్ను వెనక గదిలో పెట్టి గడియ వేసినప్పుడు, నువ్వు కిటికీ దగ్గర నిలబడి, ముందు నువ్వొక ముద్ద తిని, తర్వాత నాకొక ముద్ద పెట్టేవాడివి. ఆ ముద్దలు నేను మరిచిపోలేదు. దయ్యమన్నారు, శాపమన్నారు. ఎవరేమన్నా నువ్వు ఆ కిటికీ వదల్లేదు. అలాంటి నువ్వు, నేను బాగయ్యాక ఎందుకు నాయనా సిగ్గుపడుతున్నావు?

ఆస్పత్రి నుంచి ఈ సెంటరుకు వచ్చిన మొదట్లో నేనెలా ఉన్నానో నీకెప్పుడూ రాయలేదు. మాత్రలకు చేతులు వణికేవి. సూదిలో దారం ఎక్కించలేక ఏడ్చేదాన్ని. పక్క మిషను మీద సెల్వి అని ఒకామె ఉంది. ఆమెకూ నాలాంటి జబ్బే వచ్చి నెమ్మదించింది. రోజూ పొద్దున్నే వచ్చి నా సూదికి దారం ఎక్కించి, తన పని చూసుకునేది.

ఆదివారాలు మధ్యాహ్నం సెంటరులో మేమంతా గుండ్రంగా కూర్చుంటాం. జబ్బుపడి లేచినవాళ్లు, ఇంకా లేస్తున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. ఎవరికి జరిగింది వాళ్లు చెప్పుకుంటారు. నేను చాలాకాలం నోరు తెరవలేదు. ఒకనాడు తెరిచాను. అరవం రాదు కదా, తెలుగులోనే చెప్పుకుపోయాను. సగం మందికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఒక్కరూ లేచిపోలేదు. అంతా అయ్యాక సెల్వి “నీదెంత, నాది ఇంత” అన్నట్టు రెండు చేతులూ బారుగా చాపి చూపించింది. జబ్బుపడిన తర్వాత నేను మళ్లీ నవ్వింది అప్పుడే.

పోయిన నెల ఆ కూటానికి పెంచలమ్మ అనే ఆమె వచ్చింది. ఆత్మకూరు దగ్గర పల్లె, చెరువులో చేపలు పట్టుకుని బతికే ఇల్లు. కూతురికి వైద్యం చేయించడానికి వచ్చి ఇక్కడే బంధువుల ఇంట్లో ఉంటోంది. ఆ పిల్ల చీలమండ చుట్టూ నల్లటి మచ్చ. నా మాట విని పెంచలమ్మ నా పక్కకు జరిగింది.

“నువ్వు మన పక్కదానివా? నీకు గూడా ఇట్నే వచ్చిందా? నిజం జెప్పు.”

“వచ్చింది పెద్దమ్మా. గోడలు మాట్లాడినాయి నాతో.”

“మరి బాగయినావే!”

“మందులు మింగతానే ఉండాను. పని చేసుకుంటా ఉండాను.”

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “మా పక్క ఇట్టా వచ్చి బాగయినోళ్లని నేను చూళ్లేదు. ఒక్కరన్నా నోరు తెరిచి చెప్పుంటే నా బిడ్డకి గొలుసెందుకు ఏస్తాను?”

మన వైపు నాలాగా బాగయినవాళ్లు లేకుండా ఉంటారా నాయనా? ఉంటారు. వాళ్లందరికీ కూడా టైఫాయిడే వచ్చి ఉంటుంది.

అందుకని విను. వార్షికోత్సవానికి వస్తున్నాను. దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేస్తాను. నాకు మతి చెడింది, మందులతోనూ మనుషులతోనూ నిలబడ్డాను అని చెబుతాను. దేవుడు చేయలేదని అనను, డాక్టరు చేత, సెల్వి చేత చేయించాడంటాను. ఇంకా మాత్రలు మింగుతున్నాననీ చెబుతాను. మళ్లీ వస్తే మళ్లీ ఆస్పత్రికి పోతాను. సంఘపెద్దలు సమయం ఇవ్వం అంటే, ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి చెబుతాను. నాకు పెళ్లి కాదని నీ భయమట. జబ్బు సంగతి తెలిసి రానివాడు, తెలియక వస్తే ఎన్నాళ్లు ఉంటాడు? బడిలో ఉద్యోగం మళ్లీ ఇవ్వరట. ఇవ్వకపోతే మిషను తొక్కుతాను. నన్ను వేలెత్తి చూపేవాళ్లు చూపనీ. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటివాళ్లు ఆ వేలు చూపిన దారినే నా దగ్గరికి వస్తారు.

ఇంకో సంగతి. నిన్న ప్రసాదును కూటానికి తీసుకుపోయాను. గోడ పక్కన కూర్చుంటాలే అన్నవాడు, మధ్యలో ఏమనిపించిందో లేచాడు.

“నేను ఈమె తమ్ముణ్ణి. ఉదయగిరి నుంచి ఈడ ఆస్పత్రికని బస్సులో తెచ్చేటప్పుడు మా అక్క చేతులు నా తువ్వాలతో కట్టినాను. జనం చూస్తారని పైన దుప్పటి కప్పినాను. కావలి దాకా నన్ను పేరు పెట్టి పిలస్తానే ఉండాది. నేను కిటికీలోంచి బయటికే చూస్తా కూర్చున్నాను.”

అంతవరకు చెప్పి కూలబడి ఏడ్చాడు. పెంచలమ్మ పోయి వాడి వీపు నిమిరింది. ఎవరూ వాడిని ఒక్క మాట అనలేదు. సాయంత్రం స్టేషన్లో రైలెక్కుతూ “నేను గూడా లేస్తా అక్కా, నీ పక్కనే” అన్నాడు. ఇదంతా వాడి నోట చెప్పించడం ఇష్టంలేక నేనే రాస్తున్నాను. వాడిని కోప్పడవద్దు.

అమ్మను భయపడొద్దని చెప్పు. నేను వచ్చేసరికి నా నీలం చీర తీసి ఉతికించి పెట్టమను. అవ్వకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆమెకు చెవుడు కాబట్టి గట్టిగా చదవాలి. ఇరుగుపొరుగు వింటే విననీ. పెద్దలందరికీ నా వందనాలు. నా కోసం ప్రార్థన చేయమను, అయితే జబ్బు పేరు పెట్టి చేయమను.

ఆ రోజు నువ్వు ఎప్పటిలాగే ముందు బెంచీలో కూర్చుని ఉంటావు. మేమిద్దరం లేచినప్పుడు నువ్వు బయటికి పోతావో, వచ్చి మాతో నిలబడతావో నీ ఇష్టం. మా పక్కన నీకు చోటు మాత్రం ఉంచుతాం.

నీ దీవెనలు కోరే,
నీ కూతురు
కరుణ