గుట్ట మీది మలుపు

ఆదివారం రాత్రి, వర్ని

ఒళ్లంత పులిసిపోయింది. క్వారీ వస్తే చెరుకంత దుమ్ము కొట్టుకపోతదని నెల సంది కరపత్రాలు పంచిన, ఒక్కడు కదల్లే. ఇయ్యాల కోపంతోటి ఆ క్వారీ పెట్టే గుట్ట మీదికే పోయిన. మా వాడకట్టు పిల్లగాడు సాయిలు, వాని దోస్తులు అక్కడ సైకిల్ బాటకు పారలతోటి మలుపులు కట్టి, నీళ్లు మోసి మట్టి గట్టిచేసి, సైకిళ్లు దింపుతుండ్రు.

"వాడకట్టుల మోరి తియ్యమంటే రారు గానీ!" అని తిట్టిన.

"ముందు సైకిల్ ఎక్కన్నా, తర్వాత తిడుదువు. బ్రేకు పట్టకు, బాటనే తీస్కపోతది" అన్నడు సాయిలు.

మలుపుల భయపడి బ్రేకు పట్టిన, పడ్డ. అందరు నవ్విండ్రు. లేస్తుంటే బాటకు అడ్డంగ కొత్త సున్నం గీత కనబడ్డది. "క్వారీ లారీల తొవ్వ ఇదే, రేపటి సంది వస్తయి" అన్న. సాయిలు పార పక్కకేసి గీత దిక్కు సూసిండు.

"రేపు లారీల ముంగట మేం కూసుంటం అన్నా."

చెరుకు కోసం రానోళ్లు మలుపు కోసం వస్తరంట. కోపం రావాలె, వస్తలేదు. పొద్దుగాల నిజంగ వస్తే చాలు. ఎందుకొచ్చిండ్రని నేను అడగను.