ఎడమచేతి వాన

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆ మాటకు ఒక చిన్న సవరణ ఉంది, అది కాస్త ఆగి చెబుతాను. నీ సంగతి తెలుసు కనుక అంటున్నాను, ముందే ఆఖరి పేజీ తిప్పకు. నాన్న దగ్గు తగ్గిందని రాశావు, నా ప్రాణం కుదుటపడింది. నీ అల్లుడుగారు కులాసా. ఈ మధ్య ఆయనకు జడ వేయడం కూడా వచ్చేసింది. ఎవరికి, ఎందుకు అని అప్పుడే అడగకు.

ముందు నీ ప్రశ్నలు. వేళకే తింటున్నాను. వెనక గది కప్పు కారడం ఆగింది. "ఆ జపాన్ బొమ్మలు మీరు వేయడమేమిటే, వాళ్ళకు చేతుల్లేవా?" అన్నావు. ఉన్నాయమ్మా, బంగారంలాంటి చేతులు. పూర్వం వాళ్ళు చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దేవారు. వాటి మీద అందరికీ మోజే, కానీ అసలువి ఎన్నని దొరుకుతాయి? మా షాపులో వాటిని చూసి కుంచెతో మళ్ళీ వేస్తాం. చెక్కలో ఉండే చారలు కూడా రంగులో కనబడాలి. అద్దినట్టే ఉండాలి, కానీ అద్దకూడదు. పిచ్చి పని అంటావు. ఆ పిచ్చే నాకు అన్నం పెడుతోంది.

ఇక అసలు ప్రశ్న. "నీ రాత కోడి కెలికినట్టు ఉంటోందేమిటి, బస్సులో రాశానని ఎన్ని ఉత్తరాల్లో చెబుతావు?" అని నిలదీశావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు వాన గురించి చెప్పాలి.

ఇక్కడ కొత్త హోటల్ వాళ్ళు ముందు హాల్లో గోడ నిండా ఒకే బొమ్మ కావాలన్నారు. రేవులో పడవ కోసం నిలబడిన జనం, గొడుగులు, వెనక కొండలు, అన్నిటి మీదా వాన. షాపంతా కలిసి నెలల తరబడి వేశాం. నా వాటాకు వచ్చింది వెడల్పాటి కుంచెతో ఆకాశానికి అడుగురంగు పూయడం. అది కూడా జాలితో ఇచ్చిందే. "ఈ గోడ అయ్యాక ఇంటిపట్టున ఉండమ్మా" అని షాపు పెద్దాయన మెల్లగా చెప్పేశారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను.

వాన అన్నిటికంటే ఆఖర్న వేయాలి. వెంట్రుకంత సన్నటి నల్లగీతలు, ఒక్కొక్కటి మూరెడు, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో రావాలి. ఒక్కటి వంకర పోయినా అందరి కష్టమూ మట్టిపాలే. ఎప్పుడూ వాన వేసేది పెద్దాయనే. కానీ ఈ బొమ్మలో వాన ఎడమ పైమూల నుంచి కుడి కిందికి వాలుతోంది. కుడిచేతికి ఆ వాలు లొంగదు. చిన్న కాగితమైతే అడ్డంగా తిప్పుకుంటాం, గోడను ఎలా తిప్పుతాం? ఆయన గోడకు తెల్ల అట్ట బిగించి వేసి చూశారు. ప్రతి గీతా చివర్లో కొడవలిలా వంగింది. మొహాలు వేసే ఆవిడ ప్రయత్నించింది. ఆమెకూ కొడవళ్ళే.

"వాన నేను వేస్తానండీ" అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు.

పోయిన ఏడాది జిగురు బకెట్‌తో షాపు మెట్ల మీద జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ వేళ్ళకు పట్టు రాలేదు, ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. కుంచె పట్టుకుంటే జారిపోతుంది. నీకు తెలిస్తే నాన్నను ఆ దగ్గుతో వదిలేసి పరిగెత్తుకొస్తావని దాచాను. జడ సంగతి అదీ. ఉత్తరాల సంగతీ అదే. ఏదీ బస్సులో రాయలేదు, అన్నీ ఎడమచేత్తో రాసినవే.

"ఏ చేత్తో వేస్తావు?" అన్నారు పెద్దాయన.

"ఉన్న చేత్తో" అన్నాను.

అట్ట మీద ఒక గీత లాగాను. వంగలేదు. ఇంకొకటి లాగాను. అదీ తీగ బిగించినట్టే వచ్చింది. ఆ వాలు ఎడమచేతికి పుట్టుకతో వచ్చిందమ్మా! పెద్దాయన అట్టకు ముక్కు ఆనించి చూశారు. వెళ్ళి నిచ్చెన ఆయనే మోసుకొచ్చి, గోడకు వేసి, కాలితో తొక్కిపట్టి "ఎక్కు తల్లీ" అన్నారు.

వానంతా నేనే వేశాను. ఒక్క గీత చెడలేదు. ఆఖరి గీత లాగి కిందికి దిగేసరికి నా నోరు చెవుల దాకా సాగింది. మొహాలు వేసే ఆవిడ నన్ను వాటేసుకుని రంగు చేతులతో నా జాకెట్టు పాడుచేసింది. "ఇంటిపట్టున ఉండమన్నది నేనేనా? మతిపోయి అన్నాను. ఇకమీదట అటు నుంచి వచ్చే వానంతా నీదే" అన్నారు పెద్దాయన. ఇప్పుడు షాపులో అందరూ ఎడమచేత్తో టీ తాగబోయి బట్టలు తడుపుకుంటున్నారు. గెలిచానమ్మా, నాకు అరిచి చెప్పాలని ఉంది.

నువ్వు ఏడుస్తుంటావు. నా మణికట్టు కోసం కొంత. చిన్నప్పుడు నా ఎడమచెయ్యి నీ కొంగుతో కట్టేసి, కుడిచేతికి పలక బలపం ఇచ్చినందుకు కొంత. "నలుగురిలో నవ్వులపాలవుతావే పిల్లా" అనేదానివి. అప్పట్లో నీ మీద చచ్చేంత కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు, ఒట్టు. ఎందుకంటే నేను చూశాను. నలుగురూ ఉంటే సూదిలో దారం ఎక్కించడానికి కుడిచేత్తో తంటాలు పడతావు. గదిలో ఒక్కదానివే ఉంటే ఎడమచేత్తో ఒక్కసారికే ఎక్కించేస్తావు. ఎవరైనా వస్తే చప్పున చెయ్యి మార్చేస్తావు. నిన్ను నవ్వులపాలు చేసిందెవరో నువ్వెప్పుడూ చెప్పలేదు.

నాన్నను తీసుకుని గోడ చూడడానికి రా. అంతకంటే ముందు దీనికి జవాబు రాయి. ఆ చేత్తోనే రాయి. కోడి కెలికినట్టు వచ్చినా సిగ్గుపడకు, నేను చదువుకుంటాను.

ఇట్లు,
అచ్చం నీ చెయ్యే వచ్చిన
నీ కూతురు