శుక్రవారం దాచిన ఫోటో

ప్లేనో నుంచి, సోమవారం, షాపు సెలవు.

అక్కా, నీకూ బావగారికీ నమస్కారాలు. ఇంట్లో అందరూ కులాసానా? నీ మోకాలు ఎలా ఉంది? కొండెక్కి దిగొచ్చాక వాచిందన్నావు, కాపడం పెడుతున్నావా, లేక నాలుగు రోజులు పెట్టి మానేశావా? అత్తయ్యగారి బీపీ బిళ్ళలు మాత్రం ఆపకండి. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, కంగారు పడకు. ఎండలు మండిపోతున్నాయి, కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. కర్రీ పాయింట్ బాగానే నడుస్తోంది. గోంగూర పప్పు ఉన్న రోజు పన్నెండింటికల్లా గిన్నె ఖాళీ. మీ మరిది నడుం పట్టుకుని మూలుగుతూనే డెలివరీలకి డ్రైవ్ చేస్తున్నారు. మనిషి మాత్రం బాగానే ఉన్నారులే.

నువ్వు మూడుసార్లు ఫోన్ చేసి "ఆయన ఫోటో చూసి ఏమన్నాడే?" అని అడిగావు. మూడుసార్లూ కస్టమర్లున్నారని పెట్టేశాను. అప్పుడు కస్టమర్లెవరూ లేరక్కా. నోటితో చెప్పలేక ఇలా టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువు. బావగారికి కూడా చదివి వినిపించు, ఆయన కూడా నీతోపాటు జీపులో అంత దూరం వచ్చారు కదా.

యోహాన్ గారి గురించి నీకు ముక్కలు ముక్కలుగానే చెప్పాను. ఆస్ట్రియా ఆయన. కరెంటు ప్రాజెక్టుల్లో టర్బైన్లు బిగించే ఇంజనీరు. ముందు కెన్యా, తర్వాత మన ఏజెన్సీ కొండలు, ఆ తర్వాత బ్రెజిల్, చివరికి ఈ టెక్సాస్. ఎక్కడికెళ్ళినా పిట్టల్ని చూసి నోటుబుక్కులో రాసుకోవడం ఆయన పిచ్చి. మా షాపు ముందు పార్కింగ్‌లో నల్లపిట్టలు వాలితే, అన్నం ప్లేటు పక్కన పెట్టేసి వాటిని లెక్కపెట్టేవాడు. ఇంట్లో రొట్టె కాల్చి ప్రతి గురువారం నాకొకటి తెచ్చేవాడు. రాయిలా ఉండేది. మీ మరిది "దీన్ని తింటామా, దీంతో గోడ కడతామా?" అనేవారు. పప్పులో నానబెట్టుకుని తింటే మాత్రం భలే ఉండేదిలే.

నాది రాజమండ్రి అని తెలిసిన రోజు ఆయన చెంచా కింద పెట్టేసి "పాలపిట్ట" అన్నాడు. తర్వాత "నీళ్ళు" అన్నాడు, "నెమ్మదిగా" అన్నాడు. నలభై ఏళ్ళ పైన అయినా ఆ మూడు మాటలూ మిగిలాయి. ఇంకో ఆర్నెల్లకి గానీ అసలు సంగతి బయటపెట్టలేదు. ఆ కొండల్లో ఉండగానే వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులే బతికింది. జ్వరం. క్వార్టర్ల వెనకాల చిన్న చర్చి పక్కన పూడ్చిపెట్టి, నెల తిరక్కుండా ఆ ఊరు వదిలేశారు. భార్య బతికినంత కాలం ఆ మాట ఎత్తనివ్వలేదట. "ఆ రాయి ఇంకా ఉందో, దాని మీంచి రోడ్డే వేసేశారో, అది ఒక్కటి తెలిస్తే చాలమ్మా" అన్నాడు. అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, డాక్టర్లు విమానం ఎక్కొద్దన్నారు. అందుకే వెళ్ళి చూసి రమ్మని నిన్ను బతిమాలాను.

నువ్వు పంపిన ఫోటో పది రోజుల కిందట, శుక్రవారం పొద్దున్న వచ్చింది. రాయి కడిగి, పసుపు రాసి, బంతిపూలు పెట్టావు. పేరు కూడా కనిపిస్తోంది, లీసా అని. పొయ్యి మీద చింతపండు ఉడుకుతోంది, నేనక్కడే నిలబడి ఏడ్చేశాను.

మీ మరిది "వాట్సాప్ చేసెయ్యవే, పాపం ఎదురుచూస్తుంటాడు" అన్నారు.

"బుద్ధుందా మీకు? మంచం మీదున్న మనిషికి శుక్రవారం పూట సమాధి ఫోటో పంపుతారా?" అన్నాను.

"ఆయనకి శుక్రవారమేంటే!"

"ఆయనకి లేకపోతే నాకుంది."

అమ్మ మనకి నేర్పింది అదే కదా అక్కా. శుక్రవారం వద్దు. శనివారం అసలే వద్దు, తోడు కోరుతుందంటారు. ఆదివారం చూస్తే అమావాస్య. సోమవారం షాపు ఎలాగూ సెలవు, పెద్ద ప్రింట్ తీయించి చేతికే ఇద్దాం, ఆయనకి చూపు కూడా సరిగ్గా ఆనదు కదా అనుకున్నాను. ఆయన మంచికే అనుకున్నానక్కా, ఒట్టు.

ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. దగ్గుతూ "మీ అక్క వెళ్ళిందా?" అన్నాడు.

ఫోటో నా చేతిలో ఉన్న ఆ ఫోన్‌లోనే ఉంది. "ఇంకా ఏం తెలీదండి, సోమవారం నేనే వస్తాను" అన్నాను.

మళ్ళీ దగ్గాడు. తర్వాత తెలుగులో "నెమ్మదిగా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పోయాడు.

శనివారం నర్సు చేత గడ్డం గీయించుకున్నాడట, "సోమవారం నాకోసం ఒకావిడ వస్తుంది" అని. ఆ మాట నర్సు చెప్పినప్పుడు ప్రింట్ నా బ్యాగులోనే ఉంది.

ఆయన కూతురు మార్తా బ్రెజిల్ నుంచి వచ్చింది. లీసా తర్వాత అక్కడ పుట్టిన పిల్ల, మన ఈడుదే. నోటుబుక్కులన్నీ అట్టపెట్టెల్లో సర్దుతుంటే వెళ్ళి ఫోటో ఇచ్చాను. తనకొక అక్క ఉండేదని తెలుసుగానీ, ఏ ఊళ్ళో పూడ్చారో ఎవరూ చెప్పలేదట. ఫోటో మీద వేలు పెట్టి, ఆ పసుపు ఎవరు రాశారని అడిగింది. "మా అక్క" అన్నాను. "ఎప్పుడొచ్చింది ఇది?" అంది. అబద్ధం ఆడలేకపోయాను. శుక్రవారం అని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "మరి ఆదివారం దాకా ఎందుకు ఆగారు?" అని చిన్నపిల్లలా అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అమ్మ చెప్పిందీ, అమావాస్యా, తోడు కోరడమూ, ఇవన్నీ ఇంగ్లీషులో ఒక్కొక్కటే కూడబలుక్కుని చెప్పుకొచ్చాను. చెబుతుంటే నాకే ఒక్కటీ నిలబడలేదక్కా. సగంలో ఆపేశాను. ఆవిడే నా భుజం తట్టింది, తండ్రి పోయిన పిల్ల.

నీ మోకాలు అరిగిపోయినా వెళ్ళి ఆ రాయి వెతికిపెట్టావు. నీ కష్టాన్ని నేను బ్యాగులో పెట్టుకుని కూర్చున్నాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు, ఈసారి ఫోన్ పెట్టేయను.

పనిలో పనిగా ఒక మాట. వచ్చే నెల పక్కింటి వాళ్ళు ఇక్కడికి వస్తున్నారన్నావు కదా, వాళ్ళ చేత రెండు కేజీల ఎండుమిరపకాయలు పంపు, ఇక్కడివి రంగే తప్ప కారం లేదు. అత్తయ్యగారికి నా దణ్ణాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. మీ ఇద్దరి ఆశీర్వాదం నాకు కావాలి, ఇప్పుడు మరీ కావాలి.

మోకాలు తగ్గాక, వీలైతేనే, ఇంకొక్కసారి ఆ కొండకి వెళ్ళు. "మీ నాన్న నీకోసం అడిగాడు" అని ఆ పిల్లకి చెప్పు. వారం చూడకు, వర్జ్యం చూడకు. బస్సు దొరికిన రోజున వెళ్ళిపో.

నీ చెల్లి,
పద్మ