నిమజ్జనం రాత్రికి సాక్షి

మంగళవారం

పాత కొట్లాట కేసులో నన్ను జైలుకు పంపకుండా, మంచిగా ఉండమని బాండు రాయించుకుని వదిలారు. నిమజ్జనం రాత్రి మళ్లీ కొట్లాడానని ఇప్పుడు రిపోర్టు వచ్చింది. ఆ రాత్రి నేను తలుపేసుకుని ఇంట్లోనే ఉన్నాను.

"బాండు రద్దు చేసేముందు నీ సాక్షిని తెచ్చుకో, అది నీ హక్కు" అన్నారు ఈరోజు జడ్జిగారు.

ధూల్‌పేటలో ఇంటికి రాగానే పక్కింటి యాదమ్మక్కను అడిగాను.

"నేను ఇంట్లనే ఉన్న తమ్మీ. గని నీ దిక్కుకెల్లి సప్పుడే ఇనరాలె. ఉన్నవని ఎట్ల చెప్పాలె?"

ఆమె తప్పేముంది? మళ్లీ లొల్లి ఎందుకని దోస్తులందరినీ నేనే వదిలేసుకున్నాను. ఇంత బుద్ధిగా బతికితే, బతకడం చూసినవాడు ఒక్కడూ లేడు.

గోడ అవతల ఆమె దగ్గు నాకు రోజూ వినిపిస్తుంది. ఇందాక నేనూ ఓసారి గట్టిగా దగ్గి చూశాను...