నువ్వు మింగని ముక్క

కొకంద్,
తొలి మంచు పడిన వారం.

చెల్లెలు హుల్కర్‌కు అక్క సలాములు, దీవెనలు.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నామని మొదట రాయాలి గనక రాస్తున్నాను. ఎంతవరకు బాగున్నామో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఈ ఉత్తరంతో తువ్వాల్లో చుట్టిన రొట్టె ఒకటి వస్తుంది. దాన్ని పక్కన పెట్టి ముందు చదువు. కారు నడిపే ఓలిమ్ అన్న గుమ్మం దగ్గరే నిలబడతాడు. నిలబడమని నేనే చెప్పాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీకు ఫోన్ చేస్తే అవతల మీ యజమానురాలి గొంతు, ఇవతల నా భుజం మీద అమ్మ గడ్డం. పైగా రొట్టెను ఫోన్లో పంపలేం కదా.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబు చెబుతాను. ఒళ్ళు తగ్గించే ఆ పసుపు పొట్లం మాత్రలు ఇంకా పంపమన్నావు. పెళ్ళి గౌన్లు తొడిగి చూపించే పిల్ల ఒక్క కొలత పెరిగితే మర్నాడే పనిలోంచి తీసేస్తారనీ, శీతాకాలం గడిస్తే మానేస్తాననీ రాశావు. పంపను. నా దగ్గర మిగిలినవి తందూరులో పడేశాను. పత్తికట్టె మంటలో కొమ్ము కాలినట్టు కంపు కొట్టాయి. ఆ పూట దాంట్లో రొట్టె కాల్చడానికి నాకు చెయ్యి రాలేదు. వాటిని అమ్మిన ఆవిడ కూడా బజారులో లేదు. ఆ చోట ఇప్పుడు మేజోళ్ళు అమ్ముతున్నారు. ఎక్కడికి పోయిందని అడిగితే ఎవరూ తల ఎత్తరు, మేజోళ్ళు సర్దుకుంటారు.

నేనిప్పుడెంత తూగుతున్నానని అడిగావు. తెలియదు. పొద్దున్నే పిండి కన్నా ముందు నేనెక్కి నిలబడేదాన్ని చూడు, ఆ కాటా ఇప్పుడు పిండికే. మన పిచ్చి ఎక్కడ మొదలైందో గుర్తుందా? పెళ్ళి పందిట్లో అందరి ముందూ సోరా అత్త "పెద్దది తందూరు, చిన్నది దాని మూత, వీళ్ళనెవడు మోసుకెళ్తాడే" అంది. అందరితో పాటు మనమూ నవ్వాం. ఆ రోజు పులావు మనిద్దరమూ ముట్టలేదు. అమ్మ మనకి కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు కాచింది.

ఇక ముకద్దస్ పిన్ని కూతురు బర్నో సంగతి. "బర్నో ఇప్పుడు నాకన్నా సన్నగా ఉందా?" అని రాశావు. ఉంది. కఫను గుడ్డ చుట్టి పాడె ఎత్తినప్పుడు బరువే తెలియలేదన్నారు మోసినవాళ్ళు.

నీకిలా రాయాలని లేదు హుల్కర్, ఇంకెలా రాయాలో తెలియడం లేదు. ఫర్గానాలో హాస్టలు మెట్ల మీద కూర్చుని ఉందట. అలసి కూర్చుందనుకుని తోటి పిల్లలు పక్కనుంచే దిగి వెళ్ళిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. తలగడ కింద అదే పసుపు పొట్లం దొరికింది. వెళ్ళిన రోజు అది కొరికిన రొట్టె వాళ్ళింటి గోడకు ఇంకా వేలాడుతోంది. ఊరు దాటేవాళ్ళు ఒక ముక్క తిని వెళితే, మిగిలింది తినడానికి ఆ రొట్టే వెనక్కి పిలుస్తుందని కదా మనవాళ్ళ నమ్మకం. పిలిచింది, పిల్ల ఇలా వచ్చింది. ముకద్దస్ పిన్ని దాన్ని ఎవర్నీ దించనివ్వడం లేదు. శుక్రవారం శుక్రవారం దుమ్ము తుడిచి మళ్ళీ తగిలిస్తుంది.

అది చూసొచ్చినప్పటి నుంచి అమ్మ మన గోడ మీది నీ రొట్టె చుట్టే తిరుగుతోంది. "ఎండాలి గానీ దీనికి బూజేంటే?" అని అడుగుతుంది. గోడ చెమ్మ అని చెప్పాను. పొయ్యి పక్క గోడకు చెమ్మెక్కడిదని ఆమె అడగలేదు. అడగనందుకే నాకు భయమేసింది.

ఇక నేను దాచింది చెబుతాను. నా ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. అమ్మతో ఆవిరి తగిలిందన్నాను. ఆవిరి కాదు, తందూరులో పడబోయాను. ముందురోజు నుంచి నా కడుపులో టీ నీళ్ళు తప్ప ఏమీ లేవు. రొట్టె లోపలి గోడకు కొడదామని నడుము దాకా వంగాను. నిప్పులు ఒక్కసారిగా దగ్గరకొచ్చాయి. భయం వేయలేదే. హాయిగా, వెచ్చగా ఉందనుకున్నాను.

రొట్టెల కోసం వచ్చిన ముకద్దస్ పిన్ని నా నడికట్టు పట్టుకుని వెనక్కి గుంజింది. నేల మీద పడేసి మొహాన నీళ్ళు కొట్టింది. నన్ను ఎగాదిగా చూసి, మెల్లగా అంది:

"మా గోడ మీదున్న రొట్టె చాలలేదుటే? మీ గోడక్కూడా కావాలా?"

తిట్టినా బాగుండేది. మాడిన రొట్టెల్లోంచి ఒకటి తుంచి, మీగడ రాసి నా నోట్లో పెట్టింది. ఆకలి రుచెరుగదంటారు, అబద్ధం. మాడిన అంచు చేదు, నువ్వుల కమ్మదనం, మీగడ పులుపు, అన్నీ విడివిడిగా తెలిశాయి. బిడ్డను పోగొట్టుకున్న మనిషి చేత్తో తినిపించుకుంటూ సిగ్గుతో ఏడ్చాను, ఏడుస్తూనే తిన్నాను.

ఆ ఒక్క ముద్దతో బుద్ధొచ్చేసిందని గొప్పలు చెప్పను. మొదట్లో ఎంత తిన్నా చాలేది కాదు. తిన్నాక మళ్ళీ పస్తుండాలనిపించేది. పిన్ని రోజూ ఏదో వంకతో భోజనం వేళకే వచ్చి ఎదురుగా కూర్చునేది. తన ముద్ద తను తినేది. ఇప్పుడు ఆకలైతే తింటున్నాను, చాలనిపిస్తే చెయ్యి తుడుచుకుంటున్నాను. మొన్న గుమ్మడికాయ సంసా తింటూ పక్కింటి కోడి గోల గురించి మాట్లాడుతున్నాను, సంసా గురించి ఒక్క ఆలోచనా రాలేదు. అది తెలిసేసరికి ఎంత తేలికపడ్డానో చెప్పలేను. పాత పరికిణీ బొత్తాలు పట్టడం లేదు, వదులు చేసుకున్నాను. అమ్మ పెరట్లో ఉండగా సోరా అత్త వచ్చి "మళ్ళీ తందూరంత అయ్యావే" అంది. తందూరులో పడ్డం కన్నా తందూరంత అవడం నయం అత్తా అన్నాను. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

నవ్వావా? ఇక నవ్వకు. నిన్న వీధి తలుపు పైనున్న గూటి అంచు మీది మంచు దులుపుతుంటే, లోపల చేతికి ఒక రొట్టె ముక్క తగిలింది. రాయిలా ఉంది, పిచ్చుకలైనా ముట్టలేదు. దాని మీద పంటి గాట్లున్నాయి. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు గోడ మీది నీ రొట్టెకు ఆనించి చూశాను. సరిగ్గా అతికింది.

బుగ్గలో దాచుకుని నవ్వుతూ గడప దాటావు కదే. మేం వెనక నీళ్ళు నిండిన కళ్ళతో నిలబడితే, నువ్వు వీధిలోకెళ్ళి ఉమ్మేశావు. అయినా నేలమీద వేయడానికి నీకు మనసొప్పలేదు. రొట్టె ఎవరి కాలికిందా పడకూడదని, ఎత్తుగా, తడవని చోట పెట్టి వెళ్ళావు. కోపంతో నీ చెంప పగలగొట్టాలనుకున్నదాన్ని ఆ గూడు చూసి ఆగిపోయాను. ఆ చెయ్యి ఇంకా మన ఇంటి చెయ్యే అనిపించింది.

కానీ నువ్వు తినకుండా వెళ్ళావు హుల్కర్. నిన్ను వెనక్కి పిలిచేది ఈ ఇంట్లో ఏదీ లేదు. ఈ మాట అమ్మకు ఎలా చెప్పను?

పాత రొట్టె దించి, నలిపి పక్షులకు వేశాను. ఇంతసేపైంది, ఒక్కటీ వాలలేదు. మేకు ఖాళీగా ఉంది. శుభ్రం చేయడానికి దించానని అమ్మతో బొంకాను, అది ఎక్కువసేపు నిలిచే బొంకు కాదు. మీ ఊరికొచ్చే కనుమ దారి మంచుకు ఇవాళో రేపో మూసేస్తారని ఓలిమ్ అన్న అంటున్నాడు. అందుకే ఈ రొట్టె పొద్దున్నే కాల్చి పంపుతున్నాను.

ఇప్పుడు తువ్వాలు విప్పు. అతని కళ్ళెదుటే ఒక ముక్క కొరుకు. నమిలి మింగు. దిగకపోతే టీతో మింగు. మీ యజమానురాలు చూస్తే చూడనీ. ఆవిడకు ఇంకో పిల్ల దొరుకుతుంది, మాకు దొరకదు. మిగతాది మళ్ళీ చుట్టి అతని చేతికివ్వు.

కొరికిన రొట్టె వస్తే మేకుకు తగిలిస్తాను. నువ్వు వచ్చి మిగిలింది తినేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉంటాను. నిండు రొట్టె తిరిగొస్తే, కనుమ తెరిచినా మూసినా అదే కారెక్కుతాను. నేను గడప దాటుతుంటే అమ్మ నా ముందూ ఒక రొట్టె పట్టుకుని నిలబడుతుంది.

నేను మాత్రం మింగే వస్తాను.

ఇట్లు,
వీధిలో కారు చప్పుడుకు చెవులప్పగించి కూర్చున్న
నీ అక్క,
ఓయ్దిన్